రొమ్ము క్యాన్సర్: రక్త సూచికలు

రొమ్ములోని కణితి నుంచి రక్తంలోకి చేరే ప్రోటీన్లు, డీఎన్‌ఏ ముక్కలు, విడి కణాలను రక్త సూచికలుగా, అంటే ట్యూమర్ మార్కర్లుగా లెక్కిస్తారు. వాడుకలో ఎక్కువగా ఉన్నది సీఏ 15-3. పాలగ్రంథి కణాల పైపొర మీద ఉండే మ్యూక్-1 ప్రోటీన్ నుంచి ఊడి రక్తంలో కలిసిన భాగాన్ని ఈ పరీక్ష కొలుస్తుంది. ఇందుకు రెండు యాంటీబాడీలు వాడతారు: 115డీ8ను పాలలోని కొవ్వు బిందువుల పొరతోను, డీఎఫ్3ను కాలేయానికి పాకిన రొమ్ము క్యాన్సర్ కణజాలంతోను పుట్టించారు. మామూలు పాలగ్రంథిలోనూ ఉండే ప్రోటీన్ కాబట్టి దీన్ని క్యాన్సర్ ముద్ర అనుకోవడం పొరపాటు. కాలేయ జబ్బుల్లో, అండాశయ క్యాన్సర్‌లో కూడా ఇది పెరగవచ్చు. తొలిదశ రొమ్ము క్యాన్సర్‌లోనేమో చాలావరకు హద్దు దాటదు. ల్యాబును బట్టి ఆ హద్దు మిల్లీలీటరుకు సుమారు 25-30 యూనిట్లు. అందువల్ల జబ్బును మొదట పట్టడానికి మామోగ్రామ్, బయాప్సీల బదులు దీన్ని వాడరు. పాకిన జబ్బుకు మందు పనిచేస్తోందో లేదో గమనించడానికి, అదీ స్కాన్‌తో కలిపి చూస్తారు. కొత్త మందు మొదలైన తొలి వారాల్లో అంకె తాత్కాలికంగా ఎగబాకడమూ ఉంది. అప్పుడే మందు విఫలమైందని తేల్చడం తొందరపాటు.

రక్తంలో కణితి కణాలను, కణితి డీఎన్‌ఏను వెతికే కొత్త పరీక్షలు ఈ లోటు తీరుస్తాయన్న వాదనలో కొంత నిజముంది. రక్తంలో కణితి కణాలను మొదట చూసింది 1869లో ఆస్ట్రేలియా వైద్యుడు థామస్ ఆష్‌వర్త్ అని సాధారణంగా రాస్తారు. ఆయన చూసింది చనిపోయిన రోగి రక్తం కనుక, చికిత్సకు పనికొచ్చే చరిత్రను 2004 నుంచి లెక్కించడమే సబబు. పాకిన రొమ్ము క్యాన్సర్‌లో 7.5 మిల్లీలీటర్ల రక్తంలో అయిదు, అంతకు మించి కణితి కణాలుంటే ఆయుర్దాయం తక్కువని ఆ ఏడాది క్రిస్టోఫనిల్లి బృందం చూపింది. 2013లో డాసన్ బృందం 30 మంది స్త్రీలను పరీక్షిస్తే 29 మందిలో కణితి డీఎన్‌ఏ దొరికింది; సీఏ 15-3 మాత్రం 27 మందిలో 21 మందికే హెచ్చుగా ఉంది. అయితే వీరంతా జబ్బు పాకినవారే. చిన్న కణితి రక్తంలోకి వదిలే డీఎన్‌ఏ అత్యల్పం కనుక ఈ ఫలితాన్ని తొలిదశకు అన్వయించలేం.

ముందే తెలిస్తే మేలే కదా అన్నది మరో వాదన. కానీ మేలు జరగాలంటే, తెలిశాక చికిత్స మారాలి, మారిన చికిత్స ఫలించాలి. మొదటి విడత కీమో తర్వాత కూడా రక్తంలో కణితి కణాల సంఖ్య తగ్గనివారికి వెంటనే మందు మార్చినా ఆయుష్షు పెరగలేదని 2014లో వెలువడిన ఎస్‌0500 ప్రయోగం తేల్చింది. జబ్బు ఎంత ఉందో చెప్పే అంకె కంటే, అది ఏ మందుకు లొంగుతుందో చెప్పే జన్యు మార్పుకే విలువ ఎక్కువనడానికి ఈఎస్‌ఆర్1 జన్యువు ఉదాహరణ. హార్మోన్ చికిత్స తర్వాత ముదిరిన జబ్బులో, రక్తంలోని డీఎన్‌ఏలో ఆ జన్యు మార్పు కనిపించినవారి కోసం ఎలసెస్ట్రాంట్ అనే మాత్రకు అమెరికా ఎఫ్‌డీఏ 2023 జనవరిలో అనుమతినిచ్చింది.