వలస పాఠంలో అమ్మమ్మల వరుస

వచ్చే నెల మా చిన్నోడి నాలుగో తరగతిలో ఏమేం చెప్పబోతున్నారో మొన్న తల్లుల మీటింగులో టీచరమ్మ చెప్పింది. వలసలు, పటాలు, వాటితో పాటే చదవడం, రాయడం. పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఒక పట్టిక నింపాలట. ఎవరు ఊరు విడిచి వెళ్ళారు, ఎక్కడికి, ఎందుకు. తర్వాత ఆ ఊళ్ళను పటంలో గుర్తించాలి, సొంతంగా ఒక పేజీ రాసి క్లాసులో చదవాలి. ఎక్కాలు, డిక్టేషన్ తప్ప ఇంకోటి తెలియని మా చదువులతో పోల్చుకుంటే నాకు భలే ముచ్చటేసింది.

వలస అనగానే ఇప్పటి పిల్లల నోట వచ్చేవి అమెరికా, దుబాయ్. మా వర్ధన్నపేట చుట్టుపక్కల మాత్రం అంతకంటే పాత దారి ఒకటుంది. అది పడమటికి పోతుంది. షోలాపూర్, భివండి, సూరత్, బొంబాయి. బొంబాయిలో కామాటిపుర పేరు వింటే మనం ముఖం తిప్పుకుంటాం గానీ, ఆ పేరు పడింది నిజాం ఇలాకా నుంచి కట్టుబడి పనులకు వెళ్ళిన మన తెలుగు కూలీల వల్లే. వాళ్ళను అక్కడ కామాటీలు అనేవారు. ఇళ్ళు కట్టినవాళ్ళను మరిచిపోయి పేటకు వచ్చిన చెడ్డపేరునే గుర్తుపెట్టుకున్నాం.

పటం పరిచి, చిన్నోడి వేలు పట్టుకుని వరంగల్ మీద పెట్టాను. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా రైలు పడింది. వాడి దగ్గర బొంబాయి లైను కలుస్తుంది. 1886కల్లా పట్టాలు ఇటు వరంగల్ దాకా వచ్చాయి. అంటే ఇక్కడ రైలెక్కిన మనిషి వాడి, గుల్బర్గా మీదుగా షోలాపూర్‌లో దిగొచ్చు. ఇంకా కూర్చుంటే బొంబాయే. అదే కాలంలో షోలాపూర్‌లో బట్టల మిల్లులు లేచాయి. మిల్లు బట్ట చవకగా వచ్చి మన పద్మశాలీల మగ్గాన్ని పడగొడితే, ఆ నేతగాడే పొట్ట చేతబట్టుకుని మిల్లులో కూలికి చేరాడు.

మా పెద్దమ్మమ్మ, అంటే అమ్మమ్మకు అక్క, అట్లా షోలాపూర్ చేరింది. మా ఇంట్లో ఆ కథ ఎప్పుడు చెప్పినా "పెద్దతాత షోలాపూర్ పోయిండు" అనే చెప్తారు. ఆమె కూడా అదే రైల్లో, చంకలో పిల్లతో పోయిందని ఎవరూ అనరు. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డప్పుడు ఇంట్లో పొయ్యి వెలిగించింది ఎవరు? తునికాకు తడిపి, కత్తెరతో కోసి, తంబాకు వేసి చుట్టి దారం కట్టిన ఆమె వేళ్ళు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. షోలాపూర్‌లో బీడీలు చేసేవాళ్ళలో తెలుగు ఆడవాళ్ళే చాలామంది. మన అడవుల్లో ఎండాకాలం కోసే ఆకు, మన ఆడవాళ్ళ చేయి, పరాయి ఊరి కార్ఖానా!

ఆ ఊరి పక్కన కుంభారిలో బీడీ కార్మిక స్త్రీల కోసం 10,000 ఇళ్ళ కాలనీ ఉంది. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ ఇళ్ళు అప్పగించారు. కాలనీకి పెట్టిన పేరు వార్లీ ఆదివాసుల పోరాటం నడిపిన గోదావరి పరులేకర్‌ది. దాని కోసం ఏళ్ళతరబడి కొట్లాడిన నర్సయ్య ఆడం మన తెలుగువాడే, అక్కడ ఎమ్మెల్యేగా గెలిచాడు. ఇదంతా మావాడి పాఠంలో ఉండదు. అందుకే చెప్పాను.

రాయడం సంగతికొస్తే, పెద్దమ్మమ్మకు చదువు రాదు. ఉత్తరాలు మనవరాలు రాసేది. ఆ పిల్ల చదివింది మరాఠీ బడి. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఒకసారి వచ్చిన కార్డు తీసి చూస్తే అన్నీ హిందీ అక్షరాలు. మా అమ్మమ్మ దాన్ని పట్టుకుని బడిలో హిందీ సారు దగ్గరికి పోయింది. ఆయన పైకి చదువుతుంటే ఒక్కో మాట తెలుగై వినిపించిందట. "చెల్లె, నీ బిడ్డ పెండ్లికి రాలేను, కాళ్ళు లేస్తలేవు" అని. అక్షరం ఒక రాష్ట్రానిది, మాట ఇంకో రాష్ట్రానిది. ఆ కార్డు ఇప్పటికీ మా అమ్మ బీరువాలో ఉంది. మావాడు క్లాసుకు తీసుకుపోతానంటున్నాడు, నేను జిరాక్స్ ఇస్తానన్నాను.

2017లో మన పక్కనే సంగెం, గీసుగొండ వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాదిరాయి వేసినప్పుడు సూరత్, భివండి పోయిన నేతన్నలు తిరిగి రావాలన్నారు. రావాలనే నా కోరిక కూడా. కానీ పెద్దమ్మమ్మ మనవలు రారు. వాళ్ళ దోస్తులు, బడులు, అప్పులు అన్నీ అక్కడే.

ఇక పటం గురించి ఇంకో తమాషా. మా పుట్టిల్లు జనగామ దగ్గర. పెళ్ళయి వర్ధన్నపేట వచ్చినప్పుడు జిల్లా దాటలేదు, రెండూ వరంగల్ జిల్లానే. 2016 దసరా నాడు, అక్టోబర్ 11న, నేను వంటింట్లో ఉండగానే మా పుట్టిల్లు వేరే జిల్లా అయిపోయింది. మేము వరంగల్ రూరల్ అయ్యాం. 2021లో ఆ రూరల్ పోయి మళ్ళీ వరంగల్ అయ్యాం. మల్లన్న జాతరకు పోయే ఐనవోలు ఒకప్పుడు మా మండలమే, ఇప్పుడు హన్మకొండ జిల్లా. మనిషి కదలకుండా గీతలు కదలడం కూడా పిల్లలకు చెప్పాల్సిందే.

జనాభా లెక్కలవాళ్ళు ఊరు మారడానికి కారణాలు అడుగుతారు కదా, పని, వ్యాపారం, చదువు, పెళ్ళి అని. మనదేశంలో ఊరు మారిన ఆడవాళ్ళలో ఎక్కువమంది చెప్పే కారణం పెళ్ళే. అంటే మనమంతా వలసవచ్చినవాళ్ళమే. మావాడు మొదట నింపిన పట్టికలో నాలుగు వరుసలు. నలుగురూ మగవాళ్ళే. "మరి నేను?" అన్నాను. "నువ్వు వలస పోలేదు గదమ్మా, పెండ్లయి వచ్చినవ్" అన్నాడు. కూర్చోబెట్టి ఇంకో ఏడు వరుసలు గీయించాను.

ఆకేరు అవతలి ఊరి నుంచి వచ్చిన మా అత్తమ్మ "గింత దూరం గూడ రాస్తరా?" అని నవ్వింది. వాడు పెన్సిల్ పట్టుకుని "ఎందుకొచ్చినవ్ నానమ్మా?" అని అడిగాడు. నేను పెళ్ళి అని రాయమనబోయాను. ఆమె చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టి, "నన్నెవరు అడిగిండ్రు బిడ్డా, పోతవా అని" అన్నది.

వాడు ఆ గడి ఖాళీగా వదిలాడు. టీచరమ్మను అడిగి రాస్తాడట. పట్టిక సోమవారం ఇవ్వాలి.