వర్తకనౌకల రక్షణము

నౌకాయుద్ధ మనఁగానే యుద్ధనౌకల ఫిరంగులే తలఁపునకు వచ్చును. కాని ధాన్యమును, బొగ్గును, నూనెను మోయు వర్తకనౌకలు మునిఁగినచో ఆ ఫిరంగులు నిలువవు. మొదటి ప్రపంచయుద్ధమున, 1917 ఏప్రిలు నెలలోనే, జర్మను జలాంతర్గాములు దాదాపు 8 లక్షల 60 వేల టన్నుల యోడలను ముంచెను.

ఓడలను గుంపుగఁ గూర్చి కావలినౌకలతోఁ బంపవలెనని కొందఱు చెప్పిరి. గుంపు శత్రువునకు సులభలక్ష్య మగునని ఆంగ్లనౌకాధికారులు చాలకాలము వెనుదీసిరి. ఆ భయము సరికాదు. అపారసముద్రమున 40 ఓడల గుంపు ఒక్క యోడకంటె మిక్కిలి సులభముగఁ గనఁబడదు; విడివిడిగఁ బోయినచో శత్రువునకు 40 అవకాశములు కలుగును. పైఁగా గుంపుపైఁ బడిన జలాంతర్గామి తన యునికిని తానే కావలివారికిఁ దెలుపుకొనును. ఆ సంవత్సరముననే యీ పద్ధతి యవలంబింపఁబడఁగా నష్టము క్రమముగఁ దగ్గెను.

రెండవ యుద్ధమున మన తెలుగుతీరమే యిందుకు సాక్షి. 1944 ఫిబ్రవరి 11వ తేదీన ఆర్‌ఓ-110 అను జపాను జలాంతర్గామి, కొలంబో నుండి కలకత్తాకుఁ బోవు నౌకాబృందముపై విశాఖపట్టణము చెంతఁ బడి, ఆస్ఫాలియన్ అను వర్తకనౌకను టార్పీడోతోఁ గొట్టెను. భారత నౌకాదళపు జమునా, ఆస్ట్రేలియావారి ఇప్స్విచ్, లాన్సెస్టన్ నౌకలు దానిని వెదకి, నీటిలోఁ బ్రేలు బాంబులతో నాశనము చేసెను. అందలివా రొక్కరును బ్రతుకలేదు. ఆస్ఫాలియన్ మాత్రము దెబ్బతినియు మునుఁగలేదు.

బృందమున వేగముగల యోడ మందగామికొఱకుఁ దన నడకను దగ్గించుకొనవలెను. ఆ యాలస్యమే రక్షణమునకు వెల. ఇట్టి యోడల బొగ్గుగదులలోఁ బనిచేసి మరణించిన వారిలో వేలకొలఁది భారతీయ కళాసీలు గలరు. సముద్రముఁ జూడని బాన్సువాడవంటి యూళ్ల బాలురకును, యుద్ధకథ చెప్పునపుడు, సేనానుల పేళ్లతోఁ బాటు వీరి శ్రమమును జెప్పుట న్యాయము.