పాత రిటర్నులు తిరగదోడేందుకూ గడువుంది

ముదినేపల్లి: వరి ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు, చేపల చెరువు ఆదాయం పరిమితి దాటితే ఉంది. రెండూ సాగే ఏలూరు జిల్లా ముదినేపల్లి మండలంలో ఈ తేడా మరచి రిటర్ను వేసినవారికి ఏళ్ల తర్వాతా నోటీసు రావచ్చు.

1961 చట్టం వర్తించే సంవత్సరాలకు, 2024 సెప్టెంబరు 1 నాటి సవరణ ప్రకారం, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక మూడేళ్ల మూడు నెలల్లోపే 148 సెక్షన్ నోటీసు జారీ చేయాలి. తప్పిపోయిన ఆదాయం రూ.50 లక్షలు, ఆపైన ఉండవచ్చని ఆధారాలుంటే గడువు ఐదేళ్ల మూడు నెలలు. అంతకుముందు ఇది పదేళ్లు. 2021-22 అసెస్‌మెంట్ సంవత్సరానికి మొదటి గడువు 2025 జూన్ 30తో తీరింది. రెండోది 2027 జూన్ 30 వరకు ఉంది.

సాధారణంగా ముందు 148ఎ కింద సంజాయిషీ కోరతారు. అసలు కీలకం ఇదే. చెరువు లీజు పత్రం, మేత బిల్లులు, బ్యాంకు పాస్‌పుస్తకం అప్పుడే చూపాలి.