లాగడం వేరు, తోయడం వేరు

మా పక్కింటి పెద్దాయన దగ్గర 2001 నాటి డాడ్జ్ రామ్ ట్రక్కొకటి ఉంది. 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజను. మేముండేది ఇండియానాలో. కమిన్స్ కంపెనీ పుట్టిన కొలంబస్ ఊరు మాకు గంట దూరం. ఈ చుట్టుపక్కల ఆ ఇంజన్ని తక్కువ చేసి మాట్లాడితే మంచినీళ్ళు కూడా పుట్టవు. పోయిన వేసవిలో ఆయన దానికి బయట దొరికే ఎలక్ట్రిక్ ఫ్యూయల్ సిస్టం ఒకటి కొని తెచ్చుకుని, బిగించడానికి సాయం పట్టే మనిషి కావాలన్నాడు. నేను సరేనన్నా. రోజూ కీబోర్డు తప్ప స్పానరు పట్టని వాణ్ణని ఆయనకీ తెలుసు.

కంపెనీ ఇచ్చిన పంపు ఉందిగా, పనిచేస్తోందిగా, మళ్ళీ ఇదెందుకు అని అడిగా. ఆయన చెప్పిందాంట్లో సగం అర్థమైంది. మిగతా సగం కోసం వారం పాటు రాత్రిళ్ళు కూర్చుని చదివితే, అది నన్ను వందేళ్ళు వెనక్కి తీసుకెళ్ళింది.

డీజిల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది, ఆ వేడిలోకి నూనె చిమ్మితే మండుతుంది. చెప్పడానికి ఇంతే. ఆ చిమ్మడం దగ్గరే ఉంది తంటా అంతా. నొక్కుకుపోయి ఉన్న గాలిలోకి, దాన్ని మించిన ఒత్తిడితో, చుక్కలు లెక్కపెట్టినంత కచ్చితంగా, సరైన క్షణంలో నూనె వెయ్యాలి. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ఇంజను నడిపి చూపించేనాటికి దీనికి మంచి ఉపాయం దొరకలేదు. ఇంకో కంప్రెసర్ పెట్టి, ఆ గాలితో నూనెని ఊదేవాళ్ళు. ఆ కంప్రెసర్ బరువు వల్ల డీజిల్ ఇంజను ఓడల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ కూర్చుండిపోయింది, రోడ్డెక్కలేదు. 1913లో డీజిల్ ఇంగ్లీషు చానెల్ దాటుతూ ఓడ మీంచి మాయమైపోయాడు. తన పేరుతో లారీ తిరగడం ఆయన చూడలేదు.

దాన్ని రోడ్డెక్కించింది పంపు. 1924లో జర్మనీలో మాన్, బెంజ్ కంపెనీలు డీజిల్ లారీలు చూపించాయి. 1922లో పని మొదలుపెట్టిన రాబర్ట్ బాష్ కంపెనీ 1927కల్లా ఇంజెక్షన్ పంపుల్ని వరసబెట్టి తయారుచెయ్యడం మొదలెట్టింది. సిలిండర్‌కో ప్లంజరు, ప్లంజరు మీద ఏటవాలుగా కోసిన గాడి, దాన్ని అటూ ఇటూ తిప్పే రాక్. అన్నీ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి ఇన్‌లైన్ పంపన్నారు. ఇదే పంపు మన దేశానికి మైకో పేరుతో వచ్చింది. 1951లో బెంగళూరులో పెట్టిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ అన్నమాట (2008లో పేరు మార్చుకుని బాష్ లిమిటెడ్ అయింది). మన ఊళ్ళలో లారీ ఉన్న ఏ ఇంట్లోనైనా మైకో అనే మాట వినిపించేది. మా మావయ్యకి రెండు లారీలుండేవి. పంపు పనికి విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళడమంటే ఆయనకి పిల్లాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళినట్టే ఉండేది.

అమెరికాలో కథ కొంచెం వేరుగా నడిచింది. 1919లో కొలంబస్‌లో క్లెస్సీ కమిన్స్ అనే మెకానిక్కు, ఓ బ్యాంకరు పెట్టుబడితో డీజిల్ ఇంజన్ల కంపెనీ పెట్టాడు. అమ్మకాలు అంతంత మాత్రమే. 1930 జనవరిలో ఓ ప్యాకార్డ్ కార్లో తన డీజిల్ ఇంజను దింపి, ఇండియానాపోలిస్ నుంచి న్యూయార్క్ ఆటో షోకి తోలుకుంటూ పోయాడు. దారి ఖర్చు ఇంధనానికి 1 డాలరు 38 సెంట్లు! మర్నాటి ఏడు, 1931లో, ఇండియానాపోలిస్ 500 రేసులో ఆయన కారు ఒక్కసారి కూడా ఆగకుండా 500 మైళ్ళూ పూర్తిచేసి 13వ స్థానంలో వచ్చింది. రేసు ఓడిపోయినా చెప్పదల్చుకున్నది చెప్పేశాడు. మార్కెటింగు వాళ్ళు నేర్చుకోవలసింది చాలా ఉంది ఆయన దగ్గర :)

ఇంకో యాభై ఏళ్ళు దాటేసి మా పక్కింటి ట్రక్కు దగ్గరికొస్తా. 1989లో డాడ్జ్ ట్రక్కుల్లో కమిన్స్ ఆరు సిలిండర్ల ఇంజను పెట్టడం మొదలైంది. 160 హార్స్‌పవర్. మొదట్లో బాష్ వీఈ అనే గుండ్రటి పంపు. 1994 నుంచి పీ7100 అనే ఇన్‌లైన్ పంపు. ఇది చూస్తే మన లారీ పంపుకి పెద్దన్నలా ఉంటుంది. దీనికి ట్యాంకు నుంచి డీజిల్ తెచ్చిచ్చే చిన్న పంపుని లిఫ్ట్ పంపంటారు. ఇంజన్ క్యాం షాఫ్ట్ తంతూ ఉంటే కొట్టుకుంటూ ఉంటుంది. కరెంటు అక్కర్లేదు. ఇంజన్ తిరిగినంత సేపూ అదీ తిరుగుతుంది.

ఆ తర్వాత పొగ నిబంధనలు బిగిశాయి. 1998 మధ్యలో 24 వాల్వుల కొత్త ఇంజనొచ్చింది. దాంతో పాటే వీపీ44 అనే పంపు. ఎంత డీజిల్ వెయ్యాలో, ఎప్పుడు వెయ్యాలో రాక్ కాదు, పంపు నెత్తిమీదే కూర్చున్న చిన్న కంప్యూటరు చెబుతుంది. మన జాతి పంపన్నమాట! తెలివైందే. కానీ దానికి కందెనా డీజిలే, చల్లబరిచేదీ డీజిలే. పీ7100 అయితే తన కింద భాగానికి ఇంజన్ ఆయిలు తాగేది. వీపీ44 తాను మండించాల్సిన దాన్ని మించి డీజిల్ తీసుకుని, ఒళ్ళంతా తడుపుకుని, మిగిలింది వెనక్కి ట్యాంకులోకి పంపాలి. అలా వెనక్కి వదిలే వాల్వు తెరుచుకోవడానికే దాదాపు 14 పీఎస్ఐ ఒత్తిడి కావాలి. అంతకన్నా తగ్గితే బండి నడుస్తూనే ఉంటుంది, లోపల మాత్రం వేడెక్కుతూ, ఎండుతూ ఉంటుంది.

ఇంత సుకుమారమైన పంపుకి డీజిల్ అందించే పని ఎవరికిచ్చారు? ఓ చిన్న ఎలక్ట్రిక్ లిఫ్ట్ పంపుకి. పోనీ అదైనా ట్యాంకు దగ్గర పెట్టారా అంటే, ఇంజన్ పక్కన బిగించారు. కరెంటు పంపు తోయడంలో గట్టిది, లాగడంలో కాదు. మన బోరు మోటార్లని నీళ్ళలోకి దింపేది ఇందుకే కదా. ఇక్కడేమో ఇంజన్ అదురుతున్న చోట కూర్చుని అంత దూరం నుంచి లాగమన్నారు. అది నీరసించేది. ఒత్తిడి 14 నుంచి 10కి, 10 నుంచి 5కి దిగేది. అది చూపించే మీటరు డాష్‌బోర్డులో లేదు. లాగ్ లేకుండా ప్రొడక్షన్లోకి వదిలిన సర్వీసులాంటిదే. చివరికి ఓ రోజు ట్రక్కు లాగడం మానేసేది, కంప్యూటర్ని అడిగితే పీ0216 అనే కోడ్ చెప్పేది, వెయ్యి డాలర్లు పైబడిన పంపు పోయేది. తప్పు చేసింది చిన్న పంపు, చచ్చింది పెద్ద పంపు.

ఇందులో ఇంకో పాత్రధారి డీజిలు. అమెరికాలో 1993 అక్టోబరు నుంచి రోడ్డు డీజిల్లో గంధకం 500 పీపీఎంకి తగ్గించారు, 2006లో 15కి. మంచిదే, మన ఊపిరితిత్తులకి. కానీ గంధకం తీసే ప్రక్రియలో డీజిల్‌కి సహజంగా ఉండే జారుడుగుణం కూడా పోతుంది. దానికి కనీస ప్రమాణం పెట్టింది 2005లో. డీజిలే కందెనగా బతికే పంపులకి ఈ మధ్య కాలం ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు.

వీపీ44 చావులన్నీ లిఫ్ట్ పంపు ఖాతాలోనే వెయ్యడం నాకు సబబనిపించలేదు. పంపు మీదున్న ఎలక్ట్రానిక్స్ ఇంజన్ వేడికే చచ్చేవని వాదించే వాళ్ళున్నారు, ఆ వాదనలో పస ఉంది. కానీ చరిత్ర ఏం చెబుతోందో చూడండి. 2003 మోడల్లో వీపీ44ని తీసేసి, కామన్ రైల్ పెట్టారు. 2005కల్లా లిఫ్ట్ పంపుని ట్యాంకులోకి దింపారు. అంటే లాగడం మాన్పించి తోయించారు. అప్పటికే అమ్మేసిన లక్షల బళ్ళ సంగతి?

అక్కడ పుట్టుకొచ్చిందే ఈ బయటి మార్కెట్. ముందు జనం చేసింది మీటరు బిగించుకోవడం. ఫిల్టరు దగ్గర ఒత్తిడి చూసే పోర్టు ఉంది, అక్కణ్ణుంచి డ్రైవరు కళ్ళెదురుగా ముల్లు తెచ్చిపెట్టుకున్నారు. ముల్లు కనబడ్డాక గానీ తమ ట్రక్కు ఎంత ఆకలితో నడుస్తోందో చాలామందికి తెలియలేదు. తర్వాత ఫాస్, ఎయిర్‌డాగ్ లాంటి పేర్లతో పూర్తి సిస్టంలొచ్చాయి. గంటకి 100, 150 గ్యాలన్లు తోసే మోటారు, దాని మీదే రెండు ఫిల్టర్లు, డీజిల్లో కలిసిన గాలిని వేరుచేసి ట్యాంకులోకి తిప్పి పంపే ఏర్పాటు. పెట్టేది ఇంజన్ దగ్గర కాదు, ట్యాంకు పక్కన ఫ్రేము మీద. కంపెనీ రిలీజ్ చేసి వదిలేసిన వెర్షనుకి వాడుకున్నవాళ్ళు రాసుకున్న ప్యాచ్ అనుకోండి.

బిగించడానికి మాకు రెండు శనివారాలు పట్టింది. ట్యాంకు దింపాలా, వెనక బెడ్ లేపాలా అన్నది మొదటి చర్చ. బెడ్ లేపాం. ట్యాంకు మూతలో కొత్త గొట్టం పెట్టడం, ఇంధనం పోసే మెడ దగ్గర రిటర్న్ లైను కలపడం, పాత సన్న గొట్టాల చోట అరంగుళం హోసు తెచ్చి వీపీ44కి ఇవ్వడం. నాకు బాగా నచ్చింది వైరింగు. మోటారుకి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, ఫ్యూజు గుండా వస్తుంది. పాత లిఫ్ట్ పంపు కనెక్టరు ఊరికే రిలేకి సైగ చేస్తుంది. అంటే ట్రక్కు కంప్యూటరు తన పాత పంపునే నడుపుతున్నాననుకుంటుంది. పాత ఇంటర్‌ఫేసు కదపకుండా కింద ఇంప్లిమెంటేషను మార్చేశారు! తాళం ఓ క్షణం స్టార్టు దాకా తిప్పి వదిలితే పాత పంపు 25 సెకన్లు ఆడేది, కొత్తదీ బుద్ధిగా అలాగే ఆడింది.

ఆడింది గానీ, ముల్లు నిలవలేదు. 8కీ 14కీ మధ్య గెంతుతోంది. పెద్దాయన వెంటనే ఆపేశాడు. గాలితో నడిపితే వీపీ44 ఎండిపోతుంది, ఆయన భయం అదే. ఆయన ముఖం చూడలేకపోయాను. ట్యాంకు వైపు పనంతా నేను చేసిందే. లైట్ పట్టుకుని ప్రతి జాయింటూ తడిమాం. ఎక్కడా ఒక్క డీజిల్ చుక్క లేదు.

ఆ రాత్రి మావయ్యకి ఫోన్ చేశా. అమెరికన్ ట్రక్కు, కంప్యూటరు, ఎలక్ట్రిక్ పంపు అని మొదలెడితే మధ్యలోనే ఆపాడు.

"ఒరేయ్, ఎయిర్ పట్టింది. లీకు కోసం ఎక్కడ చూశారు?"

"అన్ని జాయింట్లూ చూశాం మావయ్యా. ఎక్కడా తడి లేదు."

"తోసే వైపు లీకైతే కారుతుంది. లాగే వైపు లీకైతే ఎందుకు కారుతుందిరా? గాలి లోపలికి పోతుంది. ట్యాంకుకీ పంపుకీ మధ్యలో చూడు. క్లాంపు వదులుంటుంది."

పొద్దున్నే వెళ్ళి చూస్తే ట్యాంకు మూత మీద నేను బిగించిన క్లాంపు హోసు అంచు మీద సగమే కూర్చుని ఉంది. పావంగుళం లోపలికి జరిపి బిగించా. మళ్ళీ 25 సెకన్లు, ఇంకోసారి 25 సెకన్లు. ముల్లు 17 దగ్గర కెళ్ళి నిలబడింది. ట్రెయిలర్ తగిలించి ఎత్తు ఎక్కిస్తే 15.

పెద్దాయన మావయ్య గురించి అడిగాడు, ఏ ఇంజన్ల మీద పనిచేశాడని. ఆయన ఈ ట్రక్కు ఫోటోలో కూడా చూడలేదని చెప్పా. ఊళ్ళో లారీ ఎయిర్ పడితే ఆయన బోనెట్ ఎత్తి, పంపు పక్కనున్న చేతి ప్రైమరు బొటనవేలితో కొడుతూ, బ్లీడ్ స్క్రూ దగ్గర బుడగలు ఆగేదాకా చూసేవాడని, ఆ తర్వాత చేతులు తుడుచుకునే గుడ్డ నేనే అందించేవాణ్ణని కూడా చెప్పా.