బొగ్గు నలుసు ఎలా కాలుతుంది?



మాది జనగామ. నా పెళ్ళికి ముందు ఒక చలికాలం భూపాలపల్లిలో మా పిన్ని ఇంట్లో ఉన్నాను. ఇంట్లో వంటంతా రాక్షసి బొగ్గు కుంపటి మీదే. పిన్ని దాన్ని వాకిట్లో రాజేసేది. ముందు దట్టంగా పొగ, తర్వాత పచ్చని మంట, అది తగ్గాక ఎర్రని కణికలు, వాటిమీద పల్చగా నీలిమంట. అప్పుడు లోపలికి తెచ్చేది. ఒక రాత్రి, పొగ పోయింది కదా, ఇక భయమేముంది అనుకుని తలుపులు బిగించుకుని, కుంపటి పక్కనే పడుకున్నాం. తెల్లవారుజామున బాబాయి నైట్ డ్యూటీ నుంచి వచ్చి తలుపు బాదితే లేవబోయాం. ఇద్దరికీ కళ్ళు తిరిగాయి, వాంతులు. ఆయన ఇంకాస్త ఆలస్యంగా వచ్చివుంటే ఈ మాటలు చెప్పేందుకు నేనుండేదాన్ని కాదు.

జరిగిందేమిటంటే, బొగ్గు ఒక్కసారిగా కాలదు. వేడి తగలగానే ముందు అందులోని తేమ పోతుంది. తర్వాత వాయువులు బయటికొచ్చి మండుతాయి. మనం చూసే పచ్చని మంట అదే. చివరికి మిగిలిన గట్టి కణిక నింపాదిగా కాలుతుంది. గాలి చాలకపోతే ఈ కణిక నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. అది మండితే నీలిమంట. మండకపోతే రంగూ లేదు, వాసనా లేదు.

ఈ రహస్యం గనుల్లో ఎన్ని ప్రాణాలు తీసిందో తెలుసా? 1844 సెప్టెంబరులో ఇంగ్లండులోని హాస్వెల్ బొగ్గు గని పేలి 95 మంది మరణించారు. వాళ్ళలో చిన్న పిల్లలూ ఉన్నారు. ప్రభుత్వం మైకేల్ ఫారడేను, చార్లెస్ లయల్‌ను విచారణకు పంపింది. గనిలో ఆసరాగా నిలబెట్టిన దుంగల మీద బొగ్గుపొడి మాడి అంటుకుని ఉండటం వాళ్ళు గమనించారు. నలుసుల్లోని వాయువు మండిపోయింది, గట్టి భాగం మాడి మిగిలింది. అంటే పేలుడుకు గనిలో పుట్టే వాయువే కాదు, నేలమీది బొగ్గుపొడి కూడా కారణమన్నమాట! ఆ మాట చాలాకాలం ఎవరి చెవికీ ఎక్కలేదు. 1906లో ఫ్రాన్సులోని కూరియేర్ గనిలో 1,099 మంది పోయారు. మన దేశంలోనే 1965 మే 28న ధోరి గని పేలి 268 మంది చనిపోయారు. ఇప్పుడు గని దారుల్లో సున్నపురాతి పొడి చల్లుతారు. అది బొగ్గుపొడిలో కలిసి మంటను పాకనివ్వదు.

మన బొగ్గు సంగతికొస్తే, 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర దాన్ని గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. బొగ్గు కోసం డోర్నకల్ నుంచి ఇల్లందుకు రైలు మార్గం వేశారు. డోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోనే ఉంది. నిజాం రైలింజన్లు ఆ బొగ్గుతోనే నడిచాయి.

ఇప్పుడు భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 2010లో 500 మెగావాట్లతో మొదలై, తర్వాత మరో 600 మెగావాట్ల యూనిట్ వచ్చింది. ఇలాంటి కేంద్రాల్లో బొగ్గును పిండిలా విసిరి, వేడిగాలితో కొలిమిలోకి ఊదుతారు. ఒక్కో నలుసు మన తలవెంట్రుక మందం. కొలిమిలో అది ఉండేది క్షణమో రెండు క్షణాలో. ఆలోగా కాలకపోతే బూడిదలో కలిసి వృథా. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, కాబట్టి ఈ చిక్కూ ఎక్కువే.

మరి క్షణంలో జరిగేది కంటికెలా కనిపిస్తుంది? అందుకే ప్రయోగశాలల్లో సెకనుకు వేల బొమ్మలు తీసే కెమెరాలు పెడతారు. ఆ బొమ్మల్లో నలుసు చుట్టూ మొదట పెద్ద మంట గోళం, అది ఆరాక నలుసే ఎర్రగా మెరవటం కనిపిస్తాయి. కమ్మరి ఇనుము రంగు చూసి కాక చెప్పినట్టు, వెలుగులోని రంగుల పాలు చూసి వేడి లెక్క కడతారు. పిన్ని కుంపటిలో అరగంట పట్టిన కథే ఇదీ!

మనం స్విచ్చి వేస్తే వెలిగే దీపం వెనుక గనిలో దిగినవాడి చెమట ఉంది. సగం కాలిన ప్రతి నలుసూ ఆ చెమట వృథా పోవటమే. ఒక్క మాట మరవకండి: కుంపటి ఏదైనా సరే, తలుపులు మూసిన గదిలో పెట్టుకోవద్దు. పొగ లేదంటే ప్రమాదం లేదని కాదు.

సెలవు.