వీడియో గేముల్లో సైన్యం

యుద్ధాన్ని ఆటగా మలిచిన వీడియో గేములు ఆయుధాలను, పోరాట పద్ధతులను, జవాన్లను ఎంత నిజంగా చూపుతూ వచ్చాయన్నది ఈ వ్యాస విషయం. తుపాకి చప్పుడు, తూటా సాగే దారి ఇరవై ఏళ్ల కిందటే నిజానికి దగ్గరగా వచ్చేశాయి. వాటిని పట్టుకున్న మనిషి మీద ఆ శ్రద్ధ ఆలస్యంగా, అరకొరగా వచ్చింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి సైన్యానికి వెళ్లినవాళ్లున్నారు. 2014లో మదనపల్లెకు దగ్గర్లోని కలికిరిలో సైనిక్ స్కూలు కూడా మొదలైంది. ఫోన్లో యుద్ధం ఆడే కుర్రాడు, సెలవు మీద ఇంటికొచ్చిన జవాను ఒకే వీధిలో ఉండే చోట ఈ తేడా చిన్నది కాదు.

సైన్యమే ముందుగా ఆటల దగ్గరికి వచ్చింది. అటారీ సంస్థ 1980లో తెచ్చిన ‘బ్యాటిల్‌జోన్’లో ట్యాంకులంటే వట్టి ఆకుపచ్చ గీతలే. అయినా బ్రాడ్లీ యుద్ధవాహనం గన్నర్ల శిక్షణ కోసం దాన్ని మార్చి ఇమ్మని అమెరికా సైన్యం తరఫున అడిగారు. 1996లో అమెరికా మెరైన్లు ‘డూమ్ 2’లోని రాక్షసులను తీసేసి శత్రు సైనికులను పెట్టారు, నలుగురు కలిసి కదలడం నేర్పడం వాళ్ల ఉద్దేశం. 2001లో చెక్ దేశపు బొహీమియా ఇంటరాక్టివ్ ‘ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్’ చేసింది. శత్రువు కనబడేలోపు చాలా దూరం నడవాలి, ఒక్క తూటాకే ఆట ముగిసిపోవచ్చు. అనేక దేశాల సైన్యాలు శిక్షణకు వాడిన వీబీఎస్ అనే సాఫ్ట్‌వేర్ దీన్నుంచే పుట్టింది.

2002 జులై 4న అమెరికా సైన్యమే కొత్తవాళ్లను చేర్చుకోవడానికి ‘అమెరికాస్ ఆర్మీ’ని ఉచితంగా విడుదల చేసింది. అందులో వైద్య సహాయకుడు కావాలంటే ప్రథమ చికిత్స పాఠం విని పరీక్ష పాసవ్వాలి. తోటి సైనికుణ్ని కాలిస్తే జైలు గదే. ఆ క్రమశిక్షణ మెచ్చదగ్గదే. కానీ ఏ పక్షాన ఆడినా ఆటగాడికి తాను అమెరికా సైనికుడిగానే కనిపిస్తాడు, ఎదుటివాడే ఎప్పుడూ శత్రువు. సైన్యం చేతిలో తయారైన ఆటలోనూ వాస్తవికతకు హద్దు ఎక్కడుందో ఈ ఏర్పాటు చెబుతుంది.

మన పట్టణాల్లో నెట్ సెంటర్లను ఏలిన ఆట ‘ప్రాజెక్ట్ ఐజీఐ’ (2000). అందులో తుపాకులు అసలైనవాటి నమూనాలే, ఒక్కడే స్థావరాలకు స్థావరాలను తుడిచిపెట్టడం మాత్రం కల్పన. తర్వాతి తరానికి పబ్‌జీ వచ్చింది. ఏకేఎం, ఎం416 పేర్లు బడిపిల్లల నోళ్లలో నానాయి. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించింది. 2021 జులై 2న బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చినప్పుడు నెత్తురు రంగు ఆకుపచ్చ అయింది. పిల్లల కోసం తీసుకున్న జాగ్రత్తే అయినా, తుపాకిని వివరంగా చూపి గాయాన్ని మరుగుపరచడం వాస్తవాన్ని ఒక పక్కకే వంచింది.

భారత వైమానిక దళం 2019 జులైలో ‘ఇండియన్ ఎయిర్ ఫోర్స్: ఎ కట్ అబవ్’ అనే మొబైల్ గేమును విడుదల చేసింది. తెలుగువాళ్ల మనసుకు బాగా దగ్గరైన ఘట్టం మాత్రం ‘ఫౌజీ’ది. బెంగళూరుకు చెందిన ఎన్‌కోర్ గేమ్స్ దాన్ని 2021 జనవరి 26న విడుదల చేసింది. కథ గల్వాన్ లోయది. 2020 జూన్ 15 రాత్రి అక్కడే 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారి, సూర్యాపేట వాసి కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబుతో పాటు మొత్తం 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. వాస్తవాధీన రేఖ దగ్గర కాల్పులు కూడదన్న 1996 ఒప్పందం వల్ల ఆ రాత్రి రాళ్లు, కర్రలు, ఇనుప ముళ్ల దుడ్డుకర్రలే ఆయుధాలయ్యాయి. ‘ఫౌజీ’ కథలోనూ తుపాకుల్లేవు, చేతికందినదానితోనే పోరు. ఆ ఒక్క విషయంలో ఆట నిజాయితీగా ఉంది. కానీ అందులో జట్టు నుంచి తప్పిపోయిన సైనికుడు ఒంటరిగా గుంపులను పడగొడతాడు, చలిమంట దగ్గర కూర్చుంటే గాయాలు మానిపోతాయి. అసలు గల్వాన్‌లో తీవ్రంగా గాయపడిన 17 మంది గడ్డకట్టే చలిలో ప్రాణాలు విడిచారని సైన్యమే ప్రకటించింది. అక్కడ చలి కూడా శత్రువే. ఆటలో అది వట్టి దృశ్యం.

ఆటలు దాదాపు తాకని మరణాలు ఇంకా ఉన్నాయి. కురబలకోట మండలం ఎగువరేగడ గ్రామానికి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ పారా కమాండో. త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ భద్రతా సిబ్బందిలో ఉండేవారు. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి, అందులో ఉన్న జనరల్‌తో పాటే ఆయనా మరణించారు. ఉన్నట్టుండి మారిన వాతావరణంలో హెలికాప్టర్ మేఘాల్లోకి వెళ్లిందని విచారణ తేల్చింది. కమాండో అంటే ఆటలు చూపేది దాడి. కాపలా, ప్రయాణం, ఎదురుచూపు ఆ ఉద్యోగంలో ఎంత భాగమో అవి చెప్పవు.

ఈ లోటు తీర్చే ప్రయత్నాలు కొన్ని వచ్చాయి. పోలండ్ సంస్థ చేసిన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ (2014)లో ఆటగాడు సైనికుడు కాడు, ముట్టడిలో చిక్కిన పౌరుడు. బొహీమియా 2017లో ‘ఆర్మా 3’కు యుద్ధ చట్టాల మీద అదనపు భాగం చేర్చి, రాబడిలో వాటాను రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీకి ఇచ్చింది. పోరు ముగిశాక మిగిలిన మందుపాతరలను ఏరేసే నిపుణుడే దాని కథానాయకుడు.

అదే ‘ఆర్మా 3’ మరో చిక్కు తెచ్చింది. దాని దృశ్యాలు నిజమైన యుద్ధంగా చలామణి అవుతున్నాయి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో గేము వీడియోలు పోరాట దృశ్యాలుగా ఫోన్లలో తిరిగితే, అవి నిజం కావని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ హెచ్చరించింది. అసలు పోరులో మాత్రం, ఆ రోజుల్లోనే మే 9న, గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో అమరుడయ్యారు. యుద్ధంగా చలామణి అయ్యే గేము వీడియోలను గుర్తుపట్టే తీరు బొహీమియా 2022లోనే చెప్పింది: బొమ్మ మసకగా, వణుకుతూ ఉంటుంది, తరచూ చీకట్లో తీసినట్టుంటుంది, చాలావరకు శబ్దం ఉండదు, కదిలే మనుషులు దాదాపు కనిపించరు.