ఉద్దానం ఇంటికప్పు: గాలికి నిలిచి, ఎండకు కాగి

శ్రీకాకుళం జిల్లాలోని పలాస, కాశీబుగ్గ, టెక్కలి పట్టణాల్లో పాత అపార్టుమెంట్ల పై అంతస్తులో ఉండేవాళ్ళకు మే నెల రాత్రుల సంగతి చెప్పనక్కర్లేదు. పదకొండు దాటినా గోడలు చల్లారవు. పగలంతా కాగిన స్లాబు చీకటి పడ్డాక ఆ వేడిని గదిలోకి దించుతుంది. ఫ్యాను తిప్పేది ఆ వేడిగాలినే. ఇక్కడి మనుషులు ఇలాంటి కప్పు కిందికి ఎందుకు వచ్చారో తెలియాలంటే తుఫానుల చరిత్ర చూడాలి.

ఉత్తరాంధ్ర తీరంలో పాత ఇల్లంటే చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద దాదాపు నేలకు వంగిన తాటాకు కప్పు. గుండ్రంగా ఉండటంతో గాలి గోడను గుద్దకుండా పక్కలకు జారిపోయేది. కప్పు అంత కిందికి దిగటంతో గోడకు ఎండ తగిలేది కాదు. లోపలి ఊళ్ళల్లో వరస ఇళ్ళుండేవి. వీధి పొడవునా గోడకు గోడ ఆనించి, ముందు అరుగులు కలిపి కట్టినవి. పక్కగోడలు ఉమ్మడి కాబట్టి ఎండ సోకే ముఖాలు ముందూ వెనకా మాత్రమే. కొన్ని ఇళ్ళల్లో తాటాకు కింద కర్రలు పరిచి, పైన మందంగా మట్టి మెత్తి అటక కట్టేవారు. నిప్పంటుకుని కప్పు కాలినా కింద సామాను దక్కాలని చేసిన ఏర్పాటది. వేడిని ఆపటంలోనూ దానికి సాటి లేదు.

ఆ ఇళ్ళను తలచుకుని ఇప్పుడు మురిసిపోవటం తేలిక. కానీ తాటాకు ఏళ్ళ తరబడి ఆగదు, మళ్ళీ మళ్ళీ నేయాలి. వేసవిలో ఒక ఇంటికి నిప్పంటుకుంటే వీధంతా బూడిదే. పెనుతుఫాను వస్తే కప్పు ఎగిరిపోయేది, మట్టిగోడ కరిగిపోయేది. పేదవాడు స్లాబు కోరుకున్నది గొప్పకోసం కాదు, ప్రాణభయంతో.

1977 నవంబరులో దివిసీమను ముంచిన తుఫాను తర్వాత తీరమంతా పక్కా ఇంటి అవసరం అందరికీ తెలిసొచ్చింది. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. 1983 తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో పేదలకు పక్కా ఇళ్ళు పెద్ద కార్యక్రమమైంది. 2006లో ఇందిరమ్మ ఇళ్ళ పథకం వచ్చింది. ఇలా ఒక్కో దశలో తాటాకు పోయి పెంకు, పెంకు పోయి రేకు లేదా స్లాబు వచ్చాయి. పట్టణాల్లో జీడిపప్పు వ్యాపారం, గ్రానైటు రాబడి పెరిగాక స్థలం ధర పెరిగింది, ఇళ్ళు అంతస్తులెక్కాయి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్లాబు ఎందుకు కావాలో మళ్ళీ రుజువైంది. రేకులు ఎగిరిపోయాయి, స్లాబు ఇళ్ళు నిలిచాయి. అదే గాలికి పలాస చుట్టుపక్కల తీరప్రాంతమైన ఉద్దానంలో లక్షల కొబ్బరి, జీడి చెట్లు కూలాయి. ఆ నష్టాన్ని పంట నష్టంగానే లెక్కగట్టారు. ఎన్నో ఇళ్ళకు గొడుగు పట్టిన నీడ కూడా ఆ పూటే పోయింది. దానికి పరిహారం పట్టిక ఏదీ లేదు. కొబ్బరి మొక్క పెరిగి కప్పు మీద నీడ పరచాలంటే ఏళ్ళు పడుతుంది.

నీడ తగ్గిన కప్పు కింద ఫ్యానూ ఏసీ ఎక్కువసేపు తిరుగుతాయి, కరెంటు ఖర్చు పెరుగుతుంది. ఆ కరెంటు పొదుపు అన్న మాటకు ఈ నేల మీద వేరే బరువుంది. థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్నందుకు 2010 జూలై 14న సోంపేట బీల భూముల దగ్గర పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న టెక్కలికి దగ్గరి కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ ప్రాణాలు పోయాయి. బొగ్గు పొగ మాకొద్దని అంత మూల్యం చెల్లించిన చోట ఇంటింటా వృథా అయ్యే యూనిట్లను ఆపటం చిన్న విషయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

పొదుపు ప్రయత్నం బల్బుతో మొదలైంది. 2014లో రాష్ట్రంలో ఎల్‌ఈడీ బల్బుల పంపిణీకి ముందుగా ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. 60 వాట్ల బల్బు తీసుకుని 7 వాట్ల ఎల్‌ఈడీ పది రూపాయలకే ఇచ్చారు. ఆ తర్వాతి మెట్టు ఫ్యాను. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర ఆగుతుంది. రోజుకు పది గంటలు తిరిగితే నెలకు ఒక్కో ఫ్యానుకు 13 యూనిట్లకు పైగా మిగులు.

భవనం సంగతి మాత్రం వెనకబడింది. కేంద్రం 2007లో తెచ్చిన ఇంధన పొదుపు నిర్మాణ నియమావళి వాణిజ్య భవనాలకే. ఇళ్ళకోసం ఎకో నివాస్ సంహిత 2018 డిసెంబరులో వచ్చింది. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు కప్పులో చదరపు మీటరు నుంచి 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదని అది హద్దు పెట్టింది. మామూలు స్లాబు నుంచి దిగేది సుమారు దానికి మూడింతలు. అయినా ఈ నియమం రాసింది కొత్తగా కట్టేవాటికి. ఇప్పటికే నిలబడి ఉన్న భవనాల గురించి పట్టించుకున్నవాళ్ళు తక్కువ. తెలంగాణ 2023లో చల్లని కప్పుల విధానం ప్రకటించింది. దాని వెనక హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని బర్కిలీ ప్రయోగశాల కలిసి చేసిన పరిశీలనలున్నాయి. వాణిజ్య భవనాల కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే ఏసీల కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గుతుందని అందులో తేలింది.

ఉద్దానం తీరంలో ఆ పూతను అలాగే దించుకుంటే చాలదు. ఇక్కడి గాలిలో ఉప్పుంది. స్లాబులో ఊచలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, పెచ్చులు ఊడతాయి. పగుళ్ళు పూడ్చకుండా పైన తెల్లరంగు వేస్తే నీరు లోపలే నిలిచి ఊచలను తినేస్తుంది. కాబట్టి ముందు తుప్పు గీకి, మరమ్మతు చేసి, నీరు నిలవకుండా వాటం సరిచేయాలి. పూత దాని తర్వాతే. ఉక్క ఎక్కువైన ఈ ప్రాంతంలో గాలి ఆడటమూ అంతే ముఖ్యం. దక్షిణపు కిటికీలను సామానుతో మూసేసి ఏసీ పెట్టుకోవటం ఖర్చును పిలిచి ఇంట్లో కూర్చోబెట్టుకోవటమే. పడమటి గోడకు సజ్జా పొడిగించినా, వెదురు తడక కట్టినా ఎండ బయటే ఆగుతుంది. డాబా మీద సోలార్ పలకలు పెడితే కరెంటుతో పాటు నీడా దొరుకుతుంది. తిత్లీ చూసిన ఊరు కాబట్టి వాటి బిగింపులో మాత్రం పిసినారితనం పనికిరాదు.

అపార్టుమెంటులో అసలు పేచీ డబ్బు దగ్గరే వస్తుంది. వేడి పై అంతస్తుకు, ఖర్చు అందరికీ ఎందుకని కింది వాళ్ళు అడుగుతారు. 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం కప్పును ఉమ్మడి భాగాల్లోనే చేర్చింది. పైగా స్లాబు ఊచలు తుప్పు పడితే బలం పోయేది భవనం మొత్తానికి. తుఫానుల కాలం డిసెంబరుతో ముగుస్తుంది. ఎక్కడ కారుతోందో అప్పటికి గోడల మీద మరకలే చూపిస్తాయి. జనవరిలో సంఘం కూర్చుని ఖర్చును అన్ని వాటాలకూ పంచితే మరమ్మతు ఆ నెలలోనే మొదలుపెట్టి, ఫిబ్రవరి ఆఖరుకు తెల్లపూత పూర్తి చేయవచ్చు.